సూది సగం, గట్టు సగం

రేవులో ఆయన్ని అందరూ సూది మాస్టారనే పిలుస్తారు. కొత్తవాళ్లు ఆ పేరు విని ఈయన దర్జీ కాబోలనో, ఇంజెక్షన్లు చేసే కాంపౌండరు కాబోలనో అనుకుంటారు. పడవల్లో ఉండే దిక్సూచికి బుద్ధి చెప్పడం ఆయన వృత్తి. దిక్సూచి పాపం మంచిదే, ఉత్తరమే చూపించాలని దానికీ ఉంటుంది. కానీ చుట్టూ ఉన్న ఇంజనూ, ఇనప రేకులూ ఊరుకోవు. నలుగురూ చేరి చెవిలో నాలుగు మాటలు ఊదితే ఎంత మంచివాడి బుర్రయినా కాస్త తిరుగుతుంది కదా.

మాస్టారు పడవను రేవు బయట నెమ్మదిగా గుండ్రంగా తిప్పిస్తారు. లైట్‌హౌసూ, దాని వెనక గుట్ట మీది నీళ్ల ట్యాంకూ ఒకే వరసలోకి వచ్చే చోటు ఒకటుంది. అక్కణ్నుంచి వాటి దిక్కు ఎన్ని డిగ్రీలో సముద్రపు మ్యాపైన చార్టు మీద చూసి తెలుసుకోవచ్చు. పడవ ముఖం ఒక్కోసారి ఒక్కో దిక్కుకి పెట్టించి, ఎనిమిది సార్లు ఆ వరసను దాటిస్తూ, సూది లెక్క చార్టు లెక్కతో కలుస్తోందో లేదో చూస్తారు. కలవకపోతే దిక్సూచి కింది అరలో చిన్న చిన్న అయస్కాంతపు కడ్డీలు జరిపి దారికి తెస్తారు. అప్పటికీ లొంగని తేడాను ఒక కార్డు మీద రాసి సంతకం పెడతారు. ఆ సంతకం లేనిదే ఆ రేవులో పడవ కదలదు. ముప్ఫై నాలుగేళ్లుగా అది ఆయన సంతకమే.

పని మొదలుపెట్టే ముందు వెదురుబుట్ట ఒకటి పట్టుకుని పడవంతా తిరుగుతారు. తాళాలు, ఫోన్లు, చాకులు, తలపిన్నులు అన్నీ అందులో పడాల్సిందే. ఒకసారి రేవు అధికారిగారి నడుం బెల్టు కూడా విప్పించారు. ఆయన ఆ గంటసేపూ ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని నిలబడ్డారు.

ఇంత చేసీ, పడవలు నడిపే కుర్ర సరంగులకు ఆయన చెప్పే నీతి మాత్రం వేరు.

“సూది చెప్పేది సగం, గట్టు చెప్పేది సగం. ఒక్క సాక్షి మాట విని తీర్పు చెప్పకండ్రా. లైట్‌హౌస్ కనబడగానే కోణం కొలవండి. తాడుకి సీసం గుండు కట్టి లోతు చూడండి. చార్టు పక్కన పెట్టుకుని అన్నీ ఒకే మాట చెబుతున్నాయో లేదో చూసుకోండి. అప్పుడు నమ్మండి.”

“మీ కార్డుని కూడా నమ్మొద్దా మాస్టారూ?” అని వాళ్లు ఆటపట్టించేవాళ్లు.

“నన్ను నమ్మకపోతే మీ కాళ్లు విరగ్గొడతాను,” అనేవారు ఆయన.

ఇలా ఉండగా ఆరు నెలల నుంచి మాస్టారికి నడుం నొప్పి పట్టుకుంది. వంగితే లేవలేరు, లేస్తే వంగలేరు. ఈ సంగతి రేవులో ఎవరికీ చెప్పలేదు. తాడు నిచ్చెన ఎక్కలేనివాళ్లు ఇంటిపట్టున ఉండటమే మంచిదని రేవు అధికారిగారు ఎవరితోనో అనగా చెవిన పడింది. పడవల్లేని పొద్దు ఎలా గడుస్తుందో ఆయన ఊహించుకోలేరు. ఇంట్లో కోడలు మాత్రం పసిగట్టేసింది.

“మావయ్యా, ఈ బెల్టు కట్టుకోండి. వారంలో తగ్గిపోతుందట,” అని రెండు రోజుల కిందట మెత్తటి బెల్టొకటి తెచ్చిచ్చింది. పెట్టె మీద ఏం రాసుందో చదివే ఓపిక ఆయనకి లేకపోయింది. చొక్కా లోపల కట్టుకున్నారు. నిజంగానే హాయిగా అనిపించింది. నిన్న ఆ బెల్టుతోనే ఒక చేపల పడవకి కార్డు రాసిచ్చారు. బక్కాయన అని పిలిచే సరంగుది ఆ పడవ. సాయంత్రమే వేటకి వెళ్లిపోయింది.

ఈవేళ ఫెర్రీ వంతు. ఫెర్రీ నడిపేది సాక్షాత్తూ మాస్టారి వియ్యపురాలు, బెల్టు తెచ్చిన కోడలి కన్నతల్లి. ఆవిడ చక్రం దగ్గర నిలబడితే సముద్రం కూడా కాస్త ఒద్దికగా ఉంటుందంటారు. మాస్టారు దిక్సూచి మీదికి వంగి కడ్డీలు సర్దారు. అంతా చక్కగా కుదిరింది. లైట్‌హౌసు వరసని మరోసారి సరిచూద్దామని కేబిన్ బయటికి, ఫెర్రీ అంచుదాకా వెళ్లారు.

“వరస కలిసింది, చదవండి చెల్లెమ్మా!”

ఆవిడ చదివింది. మూడు డిగ్రీల తేడా.

మాస్టారు గబగబా వెనక్కొచ్చి చూశారు. తేడా లేదు.

“కళ్లజోడు మార్పించుకోండి.”

“నా కళ్లకేం, నిక్షేపంగా ఉన్నాయి. మీరే మళ్లీ బయటికెళ్లి నిలబడండి అన్నయ్యగారూ.”

వెళ్లారు. మూడు డిగ్రీలు. వచ్చారు. తేడా లేదు. మూడోసారి ఆవిడ సూదిని చూడటం మానేసి ఆయన్ని చూసింది.

“మీరు దగ్గరికొస్తే ఇది మీవైపు మొగ్గుతోంది. జేబులో ఏముంది?”

“బుట్ట పట్టుకు తిరిగేది నేనమ్మా! నా జేబులో ఏముంటుంది?” అంటూనే మాస్టారు చెయ్యి నడుం మీదికి పోయింది. మెల్లిగా చొక్కా ఎత్తి బెల్టు విప్పి చూశారు. లోపలి గుడ్డ కింద, కుట్టు వెంబడి, బొత్తాల్లాంటి అయస్కాంతాలు వరసగా ఉన్నాయి.

“మీ అమ్మాయే ఇచ్చింది,” అన్నారు నీరసంగా.

వియ్యపురాలు పగలబడి నవ్వింది. కానీ ఆయన నవ్వకపోవడం చూసి ఆపేసింది.

“ఏమైంది అన్నయ్యగారూ? బెల్టు తీసి మళ్లీ మొదలెడదాం. ఎవరికీ చెప్పన్లెండి.”

“నిన్న బక్కాయన పడవ కూడా దీంతోనే చేశాను. ఆ కేబిన్ ఇరుకు, నేనా దిక్సూచి పక్కనుంచి కదల్లేదు. నా నడుముకి సరిపోయేలా సూదిని తిప్పి ఇచ్చాను. వాళ్లు తిరిగొచ్చేది రెండు రాతిగుట్టల మధ్యనుంచి.”

మూడు డిగ్రీలంటే ఇంట్లో గోడకి పటం ఒరిగినంత. అదే సముద్రం మీద ఇరవై మైళ్లు పోతే, పడవ అనుకున్న చోటికి మైలు పక్కన ఉంటుంది.

వాళ్లకి కబురు చెప్పడానికి ఉన్నది రేడియో ఒక్కటే. అందులో మాట్లాడితే రేవులోని ప్రతి పడవా వింటుంది. రేవు అధికారిగారి బల్ల మీదా అది పొద్దస్తమానం మోగుతూనే ఉంటుంది. “నేను చెప్పనా? సూది పాడైందంటాను,” అంది వియ్యపురాలు. మాస్టారు తల అడ్డంగా ఊపి మైకు తనే అందుకున్నారు.

“బక్కాయనా, నేను సూది మాస్టార్ని. నిన్న నేను రాసిచ్చిన కార్డు తప్పు. నీ పడవ తప్పు కాదు, నాదే. నాకు నడుం నొప్పి. అయస్కాంతాల బెల్టు కట్టుకుని నీ దిక్సూచి సరిచేశాను. ఆ కార్డు నమ్మొద్దు. గట్టు చూసుకుంటూ రా.”

గరగరమనే చప్పుడు మధ్య బక్కాయన గొంతు వినబడింది.

“కార్డు కలవట్లేదని నిన్ననే తెలిసింది మాస్టారూ. లైట్‌హౌస్ దాటుతూ కోణం కొలిచాం. సూది సగం, గట్టు సగం అని మీరేగా చెప్పారు? తేడా ఎంతో చార్టు మీద రాసుకుని దాని ప్రకారమే పోతున్నాం.”

“మరి నాకు చెప్పలేదేం రా?”

“మీరు తప్పు రాస్తారని ఎవరనుకుంటారు మాస్టారూ? మావాళ్లే ఎవరో కేబిన్లో ఇనుము దాచారనుకున్నాం. రాత్రంతా వెతికాం. గరిటెలు, పెనం, పళ్లాలు అన్నీ తీసుకెళ్లి పడవ చివర తాళ్ల గదిలో పడేశాం. పొద్దుట్నుంచి చేత్తోనే గంజి కలుపుతున్నాడు మా వంటవాడు.”

మాస్టారి కళ్లు నీళ్లతో నిండిపోయాయి. తన కార్డు మీద నమ్మకంతో తమ వంటింటినే అనుమానించినవాళ్లు, తను చెప్పిన నీతి వినే బతికిపోయారు.

ఈలోగా రేడియోలో రేవు అధికారిగారు అందుకున్నారు. “మాస్టారూ, వాళ్లు రాగానే మళ్లీ సరిచేసివ్వండి. రేపట్నుంచి మీకు చెక్క మెట్లు వేయిస్తాను, తాడు నిచ్చెన ఎక్కకండి. ఆ రోజు నా బెల్టు విప్పించారు, గుర్తుందా? ఈవేళ లెక్క సరిపోయింది.”

ఫెర్రీలో ఉన్నవాళ్లంతా గొల్లున నవ్వారు. ఈసారి మాస్టారూ నవ్వారు, నడుం పట్టుకుని మరీ. వియ్యపురాలు వెదురుబుట్ట తెచ్చి ఆయన ముందు పట్టింది. మాస్టారు బెల్టు అందులో పడేసి, అరలోని కడ్డీలన్నీ బయటికి తీశారు.

“పడవ తిప్పండి చెల్లెమ్మా, మొదట్నుంచి,” అన్నారు. “ఇక గరిటెలు లోపలికి తెచ్చుకోమని బక్కాయనకి చెప్పండి.”