మేనమామతో పని లేని వైద్యం

మా పాపకు పుట్టుకతోనే తలసీమియా. ఒంట్లో మంచి రక్తం తయారు కాదు, మూడు వారాలకోసారి ఎక్కించాల్సిందే. బాన్సువాడ నుంచి హైదరాబాద్ వెళ్లే బస్సుల కండక్టర్లందరికీ మేం చుట్టాలమైపోయాం.

ఎముకల్లోని మూలుగ మారిస్తే నయమవుతుందని డాక్టరు చెప్పగానే, మా బావమరిది ఎవరినీ అడగకుండా దాత అయిపోయాడు. పాప పుట్టు వెంట్రుకలు అతని ఒళ్లోనే తీయించాం, చెవులూ అక్కడే కుట్టించాం. కాబట్టి మూలుగ ఇచ్చే హక్కూ తనదేనట! ఇద్దరి మూలుగా కలుస్తుందో లేదో చూసే పరీక్ష ఫలితం రాకముందే కల్లు మానేసి, ప్రతి ఆదివారం మూలుగ బొక్కలు జుర్రడం మొదలుపెట్టాడు.

"తిన్న మూలుగ సక్కగ నీ బొక్కలల్లకు పోదు బామ్మర్దీ" అని మొత్తుకున్నా వినలేదు. నాకు ఒళ్లు మండేది. రెండు నెలల్లో పెరిగింది అతని పొట్టే.

మొన్న ఫలితం కోసం నేనూ, అతనూ, పాపా హైదరాబాద్ వెళ్లాం.

"మామది సగమే కలిసింది, ప్రమాదం ఎక్కువ" అన్నారు డాక్టరు. "జీన్ థెరపీ అని కొత్త వైద్యం వస్తోంది. రక్తాన్ని పుట్టించే పాప కణాలనే బయటికి తీసి, వాటిలో చెడిన జన్యువును సరిచేసి, మళ్లీ పాపకే ఎక్కిస్తారు. ఇంకెవరూ ఇవ్వక్కర్లేదు."

బావమరిది ముఖం మాడిపోయింది. "గదేంది సార్? మేనమామను నేనుండంగ ఎవ్వరూ అక్కర్లేదంటరేంది? మా అక్క బిడ్డల ఏం చెడింది? చెడితే గీ బావ దిక్కు చూడుండ్రి!"

డాక్టరు నవ్వు ఆపుకున్నారు. "తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, చెడిన జన్యువులు రెండూ కలిస్తేనే ఈ జబ్బు వస్తుంది. మీ అక్క వైపూ ఉంది."

బావమరిది నా వైపు చూపిన వేలు మడిచేసుకున్నాడు. అబద్ధమెందుకు, నాకు లోలోపల పండగైంది.

"ఇగ నాకు సూదులుండయా?" అని అడిగింది పాప.

డాక్టరు నా వైపు చూశారు. మన దగ్గర ఇంకా పరిశోధన దశలోనే ఉందని, ఎప్పుడొస్తుందో చెప్పలేనని, అప్పటిదాకా రక్తం ఎక్కించడం మానొద్దని అన్నారు. నా పండగ అక్కడికక్కడే ముగిసింది. పాప చేతికి నీళ్ల సీసా ఇచ్చాను.

తిరుగు బస్సులో బావమరిది కిటికీ బయటికే చూస్తూ కూర్చున్నాడు. అలిగాడనుకుని నేను పలకరించలేదు. పాప అతని భుజం మీద నిద్రపోయింది. బాన్సువాడ దగ్గరపడ్డాక, పాప లేవకుండా మెల్లగా అన్నాడు.

"బావా, గా మందు జల్ది రావాలె. నాతోని ఏం పని లేకున్నా మంచిదే."