పుక్కిలించొద్దన్న డాక్టరమ్మ

పొద్దున నువ్వు పేస్టు మూత తీయగానే పుదీనా వాసన వంటింటి దాకా వచ్చింది, కావ్యా. అప్పుడే అనుకున్నాను, ఇవాళ నస్రీన్ డాక్టరమ్మ గురించి నీతో రాయించాలని. చదివేవాళ్లకు ఆమె ఎవరో తెలియదు కదా, అదీ రాయి. శంషాబాద్‌లో మన ఇంటికి నాలుగిళ్ల అవతల, తన ముందు గదిలో కుర్చీ వేసుకుని పళ్లు చూసేది. పోయి చాలా ఏళ్లయింది.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి. నేను పుట్టింది నల్లగొండ దిక్కు. మా ఊరి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఆ నీళ్లు తాగి పెరిగిన నా పళ్లమీద గోధుమరంగు చారలు పడ్డాయి. మా చిన్నాయన కాళ్లు వంకరపోయి మంచానికే అంటుకుపోయాడు. పెళ్లయి ఇటు వచ్చాక కూడా ఫ్లోరైడ్ పేరున్న పేస్టును గడప తొక్కనిచ్చేదాన్ని కాదు. మీ అమ్మ ఎయిర్‌పోర్టులో డ్యూటీకి పోతే నువ్వు నా దగ్గరే పెరిగావు. నీకు పళ్లపొడితోనే తోమేదాన్ని.

నీకు ఏడేళ్లప్పుడు రెండు దవడ పళ్లమీద సుద్దముక్క రుద్దినట్టు తెల్లటి మచ్చలు కనిపించాయి. అప్పుడే వచ్చిన పెద్ద పళ్లు, పోతే మళ్లీ మొలవవు. నా గతే నీకూ పట్టిందనుకున్నాను. నిన్ను రెక్క పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి నడిపించాను.

ఆమె పళ్లమీద గాలి ఊది, ఆరబెట్టి, అద్దం పెట్టి చూసింది. ఇవి నీళ్ల మచ్చలు కావు, పుచ్చు మొదలవుతోందని చెప్పింది. తీపి తిన్నప్పుడల్లా నోట్లో పులుపు పుట్టి పంటి పైపొరలోని కాల్షియాన్ని లాగేస్తుందట. ఉమ్మి దాన్ని కొంత తిరిగి తెచ్చిపెడుతుందట. నీకేమో పోయేది ఎక్కువ, వచ్చేది తక్కువ అయింది. గుంత పడలేదు కాబట్టి ఇంకా గట్టిపడొచ్చంటూ ఫ్లోరైడ్ పేస్టు నా చేతిలో పెట్టింది. నేను దాన్ని బల్లమీద పెట్టేశాను.

"మా ఊరిని తిన్నది గిదే, డాక్టరమ్మా. పిల్ల నోట్ల పెట్ట."

ఆమె కోపపడలేదు. ఆ నీళ్లు ఎంత తాగారని అడిగింది. పుట్టినప్పటి నుంచీ కుండలకు కుండలని చెప్పాను.

"గదే మరి. పండ్లు తయారయ్యే వయసుల కడుపులకు పోయింది. ఇది బఠాణీ గింజంత, రాసి ఉమ్మేసేది. పేరు చూసి పరేషాన్ గాకు అక్కా. ఎంత, ఏడ, ఎట్ల, గది అడుగు."

అయితే కాల్షియం పేస్టే ఇవ్వమని బేరం పెట్టాను. నవ్వి అదీ ఇచ్చింది. కాల్షియం పోయిన సరుకును తెచ్చిపెడుతుంది, ఫ్లోరైడ్ దాన్ని గట్టిగా నిలబెడుతుంది, ఒకటుంది కదా అని రెండోది మానొద్దంది. రెండూ ఇంటికి తెచ్చాను.

కొన్నాళ్లకు ఒక పొద్దున మన గేటు దగ్గర ఆగి చూసింది. నువ్వు తోముకున్నావు, నేను చెంబుల కొద్దీ నీళ్లు పోసి పుక్కిలింపిస్తున్నాను.

"సున్నమేసిన గోడమీద ఆరకముందే బిందెడు నీళ్లు కుమ్మరిస్తవా అక్కా?"

"ఎందుకు కుమ్మరిస్త?"

"మరి పిల్ల నోట్ల ఏం జేస్తున్నవ్?"

పేస్టులోని మందు పంటికి పట్టాలంటే నురుగు ఉమ్మేసి ఊరుకోవాలట, నీళ్లు పోయొద్దట. నాకది ఎంగిలి నోటితో తిరిగినట్టే అనిపించింది. అయినా నీకు చెప్పాలంటే నేను చేయాలి కదా, నీ పక్కనే నిలబడి నేనూ ఉమ్మేసి ఊరుకున్నాను. చాయ్ కాసేపు ఆపుకున్నాను. మధ్యమధ్య బిస్కెట్లు బంద్ చేశాను. నువ్వు ఏడ్చి, నానమ్మ చెడ్డదని వాడంతా చెప్పుకొచ్చావు. చెప్పుకోమన్నాను.

బడికి సెలవులిచ్చేనాటికి మళ్లీ చూపించాం. ఒక పంటిమీద సుద్ద పోయి నిగనిగలాడుతోంది. రెండోదాన్ని పుచ్చు లోపలికి తినేసింది, డాక్టరమ్మ దాన్ని శుభ్రం చేసి పూడ్చింది. నా ముఖం చూసి, "రెండు పోయేటివి, ఒకటి నిలిచింది. ఇగ దాన్ని కాయి," అంది.

కాశాను. నీకు పెళ్లీడు వచ్చింది, ఆ పన్ను ఇంకా నీదే.

ఇప్పుడు బస్టాపులో ఏ పిల్ల నోరు తెరిచి ఏడ్చినా నా కన్ను ముందు దవడ పళ్లమీదికే పోతుంది. మొన్న అత్తాపూర్‌లో ఒకామెను ఆపి ఆమె పిల్ల పంటిమీది మచ్చ చూపించాను. నువ్వేమైనా డాక్టరువా పెద్దమ్మా అని ముఖం చిట్లించింది. కాదన్నాను. కాదని ఊరుకోలేదు.

"ఇంక గుంత పడలె బిడ్డా. ఇయ్యాల్నే పట్టుకపో."