చీపురు ముట్టని అల్లుడుగారు

న్యూయార్క్‌లో నా మంగలి షాపులో మూడో కుర్చీ కిటికీ పక్కన ఉంటుంది. దాంట్లో కూర్చున్నవాడి తల వీధంతటికీ కనబడుతుంది కాబట్టి, చెయ్యి బాగా తిరిగినవాడికి తప్ప ఇంకెవరికీ ఆ కుర్చీ ఇవ్వను. రాదమేస్ మా దేశంలో, బనీ అనే మా ఊళ్ళో, మా అన్నకి గడ్డం గీసేవాడు. అన్న పోయినప్పుడు ఆఖరి గడ్డమూ అతనే గీశాడు. శవపెట్టెలో అన్న ముఖం మధ్యాహ్నం కునుకు తీస్తున్నట్టే ఉంది. అలాంటి చెయ్యి నా షాపులో ఉండాలని ఎప్పటినుంచో నా ఆశ.

అతను న్యూయార్క్ వచ్చింది చుట్టపుచూపుగానే. కానీ ఇక్కడ యోకాస్తా ఎదురుపడింది. బనీలో ఉన్నప్పుడు ఇద్దరికీ పెళ్ళనుకున్నారు, ఇంతలో ఇక్కడున్న యోకాస్తా వాళ్ళమ్మ గ్రీన్ కార్డు తెప్పించి పిల్లని లాక్కొచ్చేసింది. మళ్ళీ కలిశాక ఇంక ఆగలేదు, పెళ్ళి చేసుకున్నారు. ముసలివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి వాళ్ళ బాగోగులు చూడడం యోకాస్తా పని. భర్త కోసం పిటిషన్ పెట్టింది. అది అందినట్టు కాగితం వచ్చిన రోజు షాపులో అందరం మాల్టా కూల్‌డ్రింకు సీసాలు తెరిచాం. మర్నాడు పొద్దున్నే రాదమేస్ తెల్ల తువ్వాలులో చుట్టిన కత్తెరలు తెచ్చి మూడో కుర్చీ దగ్గర పరిచాడు.

అప్పుడే ఫియోర్ వచ్చింది. ఇమిగ్రేషన్ లాయరు దగ్గర పనిచేసే పిల్ల. గడ్డం గీయించుకుంటున్న వాళ్ళ నాన్న కోసం వచ్చి ఈ సంబరం చూసింది.

"అన్నా, ఏ కాగితం చూసుకుని కత్తెర పట్టావు?"

రాదమేస్ చూపించాడు.

"ఇది నువ్వామె మొగుడివని గుర్తించమని ఆమె పెట్టిన అర్జీ. దీంతో పని అనుమతి రాదు. ఇక్కడ ఉండనివ్వండని నువ్వు నీ పేరున దరఖాస్తు పెట్టుకోవాలి. అది పెట్టాకే వర్క్ పర్మిట్ అడగొచ్చు."

"ఐతే ఇవాళే పెట్టేస్తా."

"ఆమెది గ్రీన్ కార్డు కదా. గ్రీన్ కార్డువాళ్ళ భార్యాభర్తలకి వరస ఉంటుంది. నీ వరస రావాలి."

"ఎప్పుడొస్తుంది?"

"ఆ ముక్క మా లాయరుకే తెలీదు" అని ఫియోర్ వాళ్ళ నాన్నని లేపుకుని వెళ్ళిపోయింది.

రాదమేస్ కత్తెరలు ఒక్కొక్కటే తుడిచి మళ్ళీ తువ్వాలులో చుట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పనొచ్చినవాణ్ణి పని చెయ్యనివ్వకపోవడం కంటే దండగమారి పని లోకంలో ఇంకోటుందా? మధ్యాహ్నం అతన్ని షాపు వెనక గదిలోకి పిలిచాను.

"వెనక గదికి పరదా కట్టిస్తాను. నీ గిరాకీలు అక్కడికే వస్తారు. ఈ వీధిలో సగంమంది అలా బతికినవాళ్ళే. నేనూ అలా బతికినవాణ్ణే."

"మాస్టారూ, రేపెప్పుడైనా గ్రీన్ కార్డు కోసం ఆఫీసరు ముందు కూర్చోవాలట కదా. అనుమతి లేకుండా పనిచేశావా అని అడుగుతాడట. పక్కనే యోకాస్తా ఉంటుంది. ఆవిడ వింటుండగా ప్రమాణం చేసి అబద్ధమాడమంటారా?"

"ఆడితే ఏం పోతుందిరా?"

"రాత్రి ఇంటికెళ్ళి ఆవిడ వడ్డించిన అన్నమే తినాలి కదా."

పరదా సంగతి అక్కడితో వదిలేశాను.

అప్పటినుంచి రోజూ వచ్చి గిరాకీలు కూర్చునే బెంచీ మీద కూర్చునేవాడు. పనిలేని మంగలి పిల్లి తల గొరిగాడని సామెత. మావాడు పిల్లిని కూడా ముట్టలేదు. ఒకరోజు అలవాటుకొద్దీ చీపురందుకున్నాడు, సగంలో ఆగి, "మాస్టారూ, ఇది పని కిందకొస్తుందా?" అన్నాడు. షాపంతా గొల్లుమంది. అతనెళ్ళి ఫియోర్‌ని అడిగొచ్చాడు. షాపులో ఉత్తినే చేసినా పని పనేనట. చీపురు మూల పెట్టేశాడు.

దాంతో అల్లుడుగారని పేరు పడింది. "అల్లుడుగారు వేంచేశారు, కాఫీ పట్రండి!" అనేవాడు వెనక కుర్చీ దగ్గర పనిచేసే విల్కిన్. "పెళ్ళాం పనికెళ్ళిందా అల్లుడుగారూ? సాయంత్రానికి కాళ్ళు పట్టండి, పుణ్యం!" రాదమేస్ నవ్వేవాడు. ఐతే అరటికాయలు ఉడికించి, మెత్తగా మెదిపి, యోకాస్తాకి డబ్బాలో పెట్టి రైలు దాకా మోసుకెళ్ళి ఇచ్చేది నిజంగా అతనే. మా ఊరి మగాళ్ళలో ఆ పని బాహాటంగా చేసినవాణ్ణి నేనింకొకణ్ణి చూడలేదు. అయినా, విల్కిన్ ఎవరికైనా చెవి దగ్గర కత్తెర ఆడిస్తుంటే బెంచీ మీద రాదమేస్ వేళ్ళు కూడా కదిలేవి. 

రెండో చలికాలానికి షాపు అద్దె పెరిగింది. మూడో కుర్చీ ఊరికే ఉంచుకునే తాహతు నాకు లేదు. విల్కిన్‌కి ఇచ్చేశాను. ఆ మాట చెప్పినప్పుడు రాదమేస్ ఆ కుర్చీ ముందు సొరుగులో దాచిన తువ్వాలు మూట తీసుకుని, "సరే మాస్టారూ" అన్నాడు, అంతే. తిట్టినా బాగుండేది.

ఆ ఆదివారమే యోకాస్తా నన్ను నిలదీసింది. "బాబాయ్, కుర్చీ ఇచ్చేశావటగా?"

"ఏం చెయ్యనే? వాడి వరస రాదు, నా అద్దె ఆగదు."

"నేను సిటిజన్ ఐతే వరసే అక్కర్లేదంది ఫియోర్. ఎప్పుడో అర్హత వచ్చింది నాకు. ఇంగ్లీషు పరీక్షకి భయపడి కూర్చున్నాను."

ఆ భయం పోగొట్టడమే రాదమేస్‌కి పనైంది. దానికి పర్మిట్ అక్కర్లేదు. అంట్లు తోముతూ, మెట్లెక్కుతూ, నా షాపు బెంచీ మీద కూడా ఆ పరీక్షలో వచ్చే ప్రశ్నలడిగేవాడు.

"సెనేటర్లు ఎంతమంది?"

"వందమంది. వందమందికీ నువ్వే గడ్డం గీసినట్టు రోజూ అదే అడుగుతావేంటయ్యా!"

విల్కిన్ కూడా మధ్యలో కత్తెర ఆపి ప్రశ్నలందించేవాడు. యోకాస్తా గట్టెక్కింది. ప్రమాణం చేసి చేతిలో చిన్న జెండాతో తిన్నగా షాపుకే వచ్చింది. ఆ వారమే ఫియోర్ రాదమేస్ పేరున దరఖాస్తు, దాంతో పాటు వర్క్ పర్మిట్‌కి అర్జీ పంపించింది. వేలిముద్రలకి పిలిచారు. తర్వాత నెలలు గడిచాయి. గ్రీన్ కార్డు సంగతి ఇంకా తేలలేదు కానీ, వర్క్ పర్మిట్ మాత్రం ఒక శనివారం టపాలో వచ్చింది.

శనివారమంటే మాకు ఊపిరాడదు. షాపు నిండా జనం. రాదమేస్ తువ్వాలు మూట పట్టుకుని గుమ్మంలోకొచ్చాడు. చొక్కా జేబులో కార్డు. మూడో కుర్చీ దగ్గర విల్కిన్ ఎవరికో జుట్టు కత్తిరిస్తున్నాడు. రాదమేస్ ఆ కుర్చీ చూశాడు, నన్ను చూశాడు, అలవాటుగా బెంచీ వైపు నడిచాడు. 

"అటెక్కడికి?" అన్నాను.

ముప్ఫై ఏళ్ళుగా మొదటి కుర్చీ నాది. దాని వెనక నిలబడ్డమే తప్ప అందులో నేనెప్పుడూ కూర్చోలేదు. ఆవేళ వెళ్ళి కూర్చున్నాను. "చెవుల మీదికొచ్చింది. కానియ్" అన్నాను.

మెడకి గుడ్డ చుట్టాడు.  దువ్వెన అందుకుని పని మొదలెట్టాడు. అద్దంలో చూస్తే అందరూ పనులాపి మమ్మల్నే చూస్తున్నారు. వెనక మెడ మీద కత్తి నడుస్తుంటే మా అన్న గుర్తొచ్చాడు. నా కళ్ళు చెమ్మగిల్లాయి, కంట్లో వెంట్రుక పడిందని బుకాయించాను.

అయిపోయాక లేచి, పనిలో వేసుకునే నా కోటు తీసి వంకీకి తగిలించి, వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాను. "ఇంక నా మోకాళ్ళు నిలబడనంటున్నాయి. ఆ కుర్చీ చూసుకో."

ఎవరూ నవ్వలేదు. విల్కిన్ నేల మీది నా తెల్లజుట్టు ఊడవడానికి చీపురందుకున్నాడు. రాదమేస్ గబగబా వెళ్ళి అతని చేతిలోంచి దాన్ని లాక్కున్నాడు.

"నేను ఊడుస్తాను" అన్నాడు.

మూలమూలలా ఊడ్చాడు. చీపురు మూల పెట్టి, గుడ్డ దులిపి, జనం వైపు తిరిగి, "తర్వాత ఎవరండీ?" అన్నాడు.