నీలం పెయింటు కింద

మా వీధిలో ఎవరో గేటుకు ఎనామిల్ వేయిస్తున్నట్టున్నారు, పొద్దుటినుంచీ టర్పెంటైన్ వాసన వంటింటిదాకా వస్తోంది. ఆ వాసన తగిలితే చాలు, ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు తల దించుకోవాలనిపిస్తుంది.

మా నాన్న వన్ టౌన్‌లో ఒక ఇరుకు సందులో వెల్డింగ్ షాపు నడిపేవారు. చేసేది కిటికీ గ్రిల్సే గానీ మనసంతా సైకిళ్ళ మీదే. వానలు వెనకబట్టి, కాలవగట్ల మీద రెల్లు తెల్లగా పూసి, సందంతా తాలింపు శనగల వాసనతో, దసరా మైకుల హోరుతో నిండిపోయే రోజుల్లో, ఇనప గొట్టాలు కోసి, వంచి, ఇత్తడితో అతికి నాకోసం ఒక లేడీస్ సైకిల్ ఫ్రేము తయారుచేశారు. నీలం ఎనామిల్ రెండు కోటింగులు వేసి, దుమ్ము పడకుండా చుట్టూ అమ్మ పాత చీర కట్టి ఆరబెట్టి, చక్రాలు బిగించారు. సందు చివరింటి మాస్టారు చూసి ముచ్చటపడి, వాళ్ళమ్మాయికీ ఒకటి చేయించుకుంటానన్నారు. ఆ ఒక్క ఆర్డరూ వస్తే గ్రిల్స్ మానేసి సైకిళ్ళ బోర్డు పెట్టేద్దామని నాన్న ఆశ.

ఆయుధ పూజ నాటి పొద్దున నాయనమ్మ ఇత్తడి సామాన్లతోపాటు సైకిలునీ అరుగు మీదికి ఎక్కించింది. పూజలో పెట్టే వస్తువు ఏదైనా సరే, చింతపండు, బూడిద, కొబ్బరిపీచు పడాల్సిందే. ఆవిడ రెండుసార్లు గట్టిగా రుద్దేసరికి నీలం రంగు ఉడికిన చామదుంప తొక్కలా ఊడొచ్చింది. కింద తెల్లటి పాత పెయింటు ఏమాత్రం చెక్కుచెదరకుండా ఉంది. దానిమీద ఎర్రగా మంచం నంబరు. నాన్న తుక్కు కొట్టులో తెచ్చినవి ఆస్పత్రి మంచాల గొట్టాలు. ఆ నున్నటి రంగుని గీకకుండానే పైన నీలం పూసేశారు.

ప్రసాదానికి వచ్చిన మాస్టారు వంగి చూశారు. "ఇది ఆస్పత్రి మంచం కదండీ?" అన్నారు మెల్లగా.



"ఎవరు పోయిన మంచమో ఏమో, ఆడపిల్లకి ఎక్కిస్తారా," అంది పక్కింటావిడ.

"ఏరా, నాకు ముందే చెప్పొద్దూ?" అంది నాయనమ్మ, పీచు కింద పడేసి.

మాస్టారు శనగలు తిని, ఉప్పు సరిగ్గా కుదిరిందని మెచ్చుకుని వెళ్ళిపోయారు. ఆర్డరు మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు. ఆయన తిట్టిపోసినా మాకు అంత సిగ్గుగా ఉండేది కాదు. కుంకుమ భరిణె పట్టుకుని నేను నిలబడిపోతే, నాన్నే వచ్చి ఆ నంబరు మీద ఇంత పసుపు మెత్తి, బొట్టు పెట్టి, సైకిలుని షాపుకి నడిపించుకుపోయారు. ఆ గొట్టాలు తర్వాత ఎవరింటి కిటికీకో గ్రిల్లయ్యాయి.

ఇప్పుడు ఆ సందు నిండా సెల్‌ఫోన్ కవర్ల గోడౌన్లే. చేత్తో ఫ్రేము అతికేవాళ్ళు ఎక్కడా కనబడరు. పోయిన ఆదివారం మా అమ్మాయి సైకిలు గొలుసు జారితే నాన్న చూడకుండానే వేలితో ఎక్కించేశారు.

"తాతయ్యా, నీకు సైకిలు చెయ్యడం కూడా వచ్చా?" అని అడిగింది అది.

నాన్న ఒకసారి నావైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నారు.

"నాకు రాదమ్మా," అన్నారు.