తెల్ల తువ్వాలు, ఎర్ర తువ్వాలు

పోయిన నెల వైజాగ్ నుంచి వదినగారు ఫోన్ చేశారు. ఎప్పుడు చేసినా ముందు "తిన్నావా?" అని అడిగే మనిషి ఈసారి అది అడగలేదు. "మీ అన్నయ్య వెళ్ళిపోయారమ్మా" అన్నారు, అంతే. నేను సౌదీలో, జెద్దాలో ఆస్పత్రి డ్యూటీలో ఉన్నాను. ఫోను పట్టుకుని వార్డు కిటికీ దగ్గరకు వెళ్ళి నిలబడ్డాను. ఆ కిటికీలోంచి సముద్రం కనపడదు, ఎదురుగా ఇంకో బిల్డింగు. అయినా అటే చూస్తూ ఉండిపోయాను.

ఆయన నాకు తోడబుట్టిన అన్నయ్య కాదు. ఇక్కడ జెద్దాలో మా పై అంతస్తులో ఉండేవారు. వాళ్ళది భీమిలి, మాది నర్సాపురం. నేనూ మా ఆయనా ఆ బిల్డింగులో కొత్తగా దిగిన రోజు గ్యాస్ బండ లేక తెల్లమొహాలు వేసుకుని కూర్చుంటే, ఆయన పైనుంచి కాఫీ ఫ్లాస్కుతో దిగి వచ్చారు. "నేను నీకు అన్నయ్యనమ్మా, పైనున్నావిడ నీకు వదిన. ఇక పేర్లతో మనకు పని లేదు" అని తేల్చేశారు. నిజంగానే ఆ తర్వాత పేర్లతో పని పడలేదు. క్రిస్మస్‌కి నేను చేసిన కేకు తొలి ముక్క ఆయన నోట్లో పడాల్సిందే. వాళ్ళింట్లో పులిహోర కలిపితే గిన్నె మా ఇంటికి దిగాల్సిందే.

సముద్రపు నీళ్ళను మంచినీళ్ళుగా మార్చే ప్లాంటులో ఆయన ఇంజనీరు. వారమంతా సముద్రంలోంచి ఉప్పు తీస్తారు, శుక్రవారం వస్తే అదే ఉప్పులో తడవడానికి పరుగెడతారు. ఆ పిచ్చి అంటించినవాడు ఆయనతో పనిచేసిన ఒక ఐర్లండ్ ఇంజనీరు. ఆ మనిషి ఇక్కడి ఉద్యోగం ముగించుకుని ఫైనల్ ఎగ్జిట్ మీద దేశం వెళ్ళిపోతూ తన చిన్న తెరచాప పడవను అన్నయ్యగారికి అప్పగించి వెళ్ళాడు. పడవతో పాటు కథలు కూడా. వాళ్ళ ఊళ్ళో మనుషులు సెలవు రోజు పొద్దున్నే ఒంటరిగా పడవ ఎక్కి, తీరం వెంబడే పోయి, దారిలో ఏదో రేవులో ఆగి టీ తాగి, సాయంత్రానికి ఇల్లు చేరతారట. వాన పడుతున్నా, చలికి పళ్ళు కొట్టుకుంటున్నా మానరట. "వాళ్ళకి వాన, మనకి ఎండ. తేడా అంతే" అనేవారు అన్నయ్యగారు. నన్నూ ఒకసారి ఎక్కించుకోండి అని మా ఆయన బతిమాలితే ఆయన ససేమిరా అన్నారు. "ఇద్దరెక్కితే అది పడవ కాదు బావా, బస్సు!"

గురువారం సాయంత్రమైతే చాలు, బాల్కనీలో వేలు తడిపి గాలికి పెట్టి చూసుకునేవారు. తర్వాత మా తలుపు తట్టి, బజార్లోకి తాజా చేపలొచ్చాయని చెప్పినంత సంబరంగా, "రేపు గాలి బ్రహ్మాండంగా ఉందమ్మా!" అనేవారు.

ఇక్కడే వదినగారి సంగతి చెప్పాలి. ఆవిడ మేనమామ ఒకాయన పడవ మీద వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. ఆవిడ చిన్నప్పుడు ఒడ్డున నిలబడి ఎదురుచూశారట. అప్పటి నుంచీ సముద్రమంటే ఆవిడకు హడల్. "ప్లాంటులో రోజూ చూసే నీళ్ళే కదా, మళ్ళీ శుక్రవారం కూడా ఎందుకండీ?" అని ఆవిడ, "అది గొట్టంలో నీళ్ళే, ఇది సముద్రం" అని ఆయన. చాలా రోజులు ఈ తగువు మా వంటింట్లోకి వినపడింది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ఆయన ఒంటరిగానే వెళ్ళొచ్చు. కానీ ఒడ్డు దాటి దూరం పోకూడదు, వదినగారి కళ్ళ ముందే వెళ్ళాలి.

కళ్ళ ముందే అంటే ఎలాగ? ఆ రోజుల్లో ఇక్కడ ఆడవాళ్ళు కారు నడపకూడదు. కాబట్టి మా ఆయన డ్రైవరు, ముందు సీట్లో టిఫిన్ క్యారియరు, వెనక సీట్లో ఒళ్ళంతా కప్పే నల్ల అబాయాల్లో నేనూ వదినగారూ. సముద్రంలో అన్నయ్యగారి పడవ, పక్కన ఒడ్డు వెంబడే పోయే కార్నిష్ రోడ్డు మీద మా కారు! లోకంలో ఇంకే ఒంటరి నావికుడికీ ఇంత ఊరేగింపు ఉండి ఉండదు. మా ఆయన వేళాకోళం ఆడేవాడు: "దేవుడు పల్లకీలో వెళ్తుంటే వెనక మేళం మనం."

దూరం నుంచి మాటలు వినపడవు కాబట్టి తువ్వాళ్ళు పెట్టుకున్నారు. ఆయన తెరచాప కొయ్యకు తెల్ల తువ్వాలు ఎత్తితే "నేను బాగున్నాను, మీరు పదండి" అని. ఎర్ర తువ్వాలు ఎత్తితే ఆపద అని. తెల్లది చూశాక వదినగారు క్యారియరు చుట్టిన తెల్లబట్ట విప్పి తిరిగి ఊపాలి. ఆవిడ ఊపేదాకా ఆయన తన తువ్వాలు దించేవారు కాదు. ఆవిడేమో కావాలనే ఆలస్యం చేసి, ఆయన చెయ్యి నొప్పి పుట్టాక అప్పుడు ఊపేవారు. "నన్ను ఇంతసేపు ఒడ్డున నిలబెడతారుగా, ఆ మాత్రం ఉండొద్దూ!"

ఒక శుక్రవారం ఏమైందో వినండి. ఎప్పటిలాగే కోస్ట్‌గార్డు ఆఫీసులో ఇకామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, అప్పగించి ఆయన పడవ ఎక్కారు. సాయంత్రం అజాన్ లోపల తిరిగొచ్చి ఇకామా తీసుకోవాలి. తేడా వస్తే పర్మిషన్ పోతుంది, పోతే మళ్ళీ రాదు. మొదటి మజిలీలో పడవ ఒడ్డు దగ్గరకు తెచ్చి క్యారియరు అందుకుని, మళ్ళీ గాలివాటున సాగిపోయారు. మేము తర్వాతి మజిలీకి వెళ్ళి నిలబడ్డాం. పడవ కనపడింది. కొయ్య మీద తువ్వాలూ కనపడింది. ఎర్రగా.

"ఓలమ్మో! ఎర్ర తువ్వాలే! మా మావయ్య లాగే అయిపోయిందే!" అని వదినగారు ఇసుకలో కూలబడిపోయారు. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని నాడి చూస్తున్నాను, నాదే ఎక్కువ కొట్టుకుంటోంది. మా ఆయన కారేసుకుని కోస్ట్‌గార్డు దగ్గరకు పోయి, తనకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో "ముహందిస్... సముద్రం... ముష్కిలా!" అని అరిచాడట. అటు ఇంజనీరు, ఇటు కష్టం, మధ్యలో తెలుగు సముద్రం, అయినా వాళ్ళకి అర్థమైపోయింది. సైరన్ వేసుకుని మరపడవ దూసుకెళ్ళింది.

వెళ్ళి చూస్తే అన్నయ్యగారు చుక్కాని పక్కన కాళ్ళు చాపుకుని పెరుగన్నం తింటున్నారు.

జరిగింది ఇదీ. పడవ ఒక ఊపు ఊగితే క్యారియరుతో పాటు ఇచ్చిన ఆవకాయ సీసా మూత ఊడి బోర్లా పడింది. నూనె పడవంతా పాకింది. చేతికందిన తెల్ల తువ్వాలుతో శుభ్రంగా తుడిచి, సముద్రంలో జాడించి, ఆరడానికి కొయ్యకు కట్టారు. ఆవకాయ నూనె ఉప్పునీళ్ళకు పోతుందా? ఏ ఆడదాన్ని అడిగినా చెప్పేది.

అందరినీ ఆఫీసులో నిలబెట్టారు. ఆఫీసరు మొహం కందగడ్డలా ఉంది. తువ్వాలు రెండు వేళ్ళతో పట్టుకుని "దమ్?" అన్నాడు. రక్తమా అని. "లా, లా! మాంగో!" అన్నారు అన్నయ్యగారు. ఆఫీసరు వాసన చూసి గట్టిగా తుమ్మాడు. సీసా అడుగున మిగిలిన ముక్కను ఖుబూస్ రొట్టెతో నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. నీళ్ళు తాగి, మళ్ళీ సీసాలోకి తొంగి చూశాడు. నాకు నవ్వు ఆగడం లేదు, అబాయా అంచు నోట్లో కుక్కుకున్నాను.

కానీ ఆఫీసరు నవ్వలేదు. వదినగారి వైపు చూడకుండానే అన్నయ్యగారితో అన్నాడు: "మీ ఇంటావిడ ఇంత భయపడుతోంది. ఒక్కడివే వెళ్ళడం ఆపించమంటుందా, అడుగు. ఆమె ఊఁ అంటే ఖలాస్, ఇవాళే పర్మిషన్ రద్దు."

అన్నయ్యగారు ఆ మాటను తెలుగులో ఉన్నదున్నట్టు చెప్పారు. ఒక్క ముక్క కూడా మార్చలేదు. ఆ తర్వాత తల దించుకుని తన తడి చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డారు. ఆయన్ని అలా నేనెప్పుడూ చూడలేదు. అన్నాళ్ళ తగువు, ఒక్క ఊఁ తో తీరిపోతుంది.

వదినగారు ముక్కు తుడుచుకున్నారు. "వద్దు. వెళ్ళనివ్వమనండి. సీసా మూత ఇక నేనే గట్టిగా బిగిస్తాను" అన్నారు.

ఆ రోజు ఇంటి దగ్గర కారు దిగేటప్పుడు అన్నయ్యగారు నా చెవిలో, "మీ వదినకి నాకంటే ధైర్యమెక్కువమ్మా. ఒడ్డున నిలబడే వాళ్ళకే ఎక్కువ ధైర్యం కావాలి" అన్నారు. తర్వాతి శుక్రవారం ఇకామా ఇవ్వబోతే ఆఫీసరు చెయ్యి చాపి, "మాంగో ఎక్కడ?" అన్నాడట.

ఆ తర్వాత కొన్నేళ్ళకు వాళ్ళూ ఫైనల్ ఎగ్జిట్ తీసుకుని వైజాగ్ వెళ్ళిపోయారు. పడవను ప్లాంటులో ఒక కుర్ర ఇంజనీరుకు ఇస్తూ, "తీరం వదలకు, మూత వదలకు" అని చెప్పారు.

సెలవు పెట్టి నేను వైజాగ్ వెళ్ళేసరికి కార్యక్రమాలన్నీ అయిపోయాయి. వదినగారు నాకు కాఫీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని ఆస్పత్రి సంగతి చెప్పారు. చివరి రోజుల్లో ఆయన ఐసీయూలో ఉన్నారు. మూతికి ఆక్సిజన్ మాస్కు, మాట లేదు. ఈవిడ అద్దం అవతల నిలబడి చూడాలి. తినలేరని తెలిసినా అలవాటు కొద్దీ రోజూ క్యారియరు పట్టుకెళ్ళేవారట. ఆ సాయంత్రం ఆయన కళ్ళు తెరిచి, దిండు పక్కనున్న చిన్న తెల్ల తువ్వాలు తీసి మెల్లగా పైకెత్తారు. ఈవిడకు ఏడుపు తప్ప ఏమీ తోచలేదు. ఆయన మాత్రం చెయ్యి దించరు. ఏదో కావాలనుకుని నర్సు వచ్చి చెయ్యి పక్కన పెడితే, మళ్ళీ ఎత్తారు.

"అప్పుడు తట్టిందమ్మా నాకు" అన్నారు వదినగారు. "ఈసారి ఆలస్యం చెయ్యాలనిపించలేదు. గబగబా క్యారియరు మీద బట్ట విప్పేసి, రెండు చేతులతో ఎత్తి ఊపాను. చూశారు. కళ్ళతో నవ్వారు. అప్పుడు దించారు చెయ్యి."

కొంగుతో మొహం తుడుచుకుని అన్నారు: "ఆయన దించేశారు గానీ, నేనే చాలాసేపు దించలేదమ్మా."