పచ్చ రుమాలు

ఎనభైల్లో మా ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళు ఎనిమిది గంటలు రైల్వేకి పనిచేస్తే, మిగిలిన పొద్దంతా నాటకానికి పనిచేసేవాళ్ళు. నేనప్పుడు వర్క్‌షాప్‌లో అప్రెంటిస్‌ని. నాటకాల్లోనూ అప్రెంటిస్‌నే. మూడేళ్ళపాటు మా డైరెక్టరు మాస్టారు నన్ను స్టేజి మీద వెలుగు పడేచోట నిలబడనివ్వలేదు. ఆ మూడేళ్ళలో వింగ్ అంటే నటులు తమ వంతు వచ్చేదాకా దాక్కునే పక్కసందు అనీ, ప్రాంప్టింగ్ అంటే ఆ సందులోంచి మర్చిపోయినవాళ్ళకి మాటలందించడమనీ, ప్రాపర్టీ అంటే నాటకంలో వాడే చెంబూ చేతికర్రా అనీ నేర్చుకున్నాను. ఇంత చదువు చదివినవాడికి ఒక్క వేషమైనా ఇవ్వరా అని మాస్టారి వెంట పడ్డాను. ఆయన సైకిలు ఎక్కడ కనిపిస్తే అక్కడ కాపు కాశాను. చివరికి విసిగిపోయి ఒకే ఒక్క డైలాగు ఇచ్చారు. అది చెడగొడితే జన్మంతా వింగులోనే అన్నారు.

వేషం తమ్ముడిది. అన్న మిలట్రీకి వెళ్తుంటే రుమాలు ఊపి, "నువ్వు తిరిగొచ్చేదాకా ఈ గుమ్మం దిగనన్నయ్యా" అనాలి. వారం రోజులు లేత్ మెషీను ముందు నిలబడి అదే అన్నాను. పక్కన పనిచేసే బెంగాలీ దాదాకి కూడా వచ్చేసింది. రిహార్సల్స్‌లో ఉత్త చెయ్యే ఊపాను. ప్రాపర్టీలో ఉన్న తెల్ల రుమాలు మాసిపోయింది కనక, వెనక వరసలో కూర్చునే అమ్మకి కూడా కనిపించాలని గోల్‌బజార్ వెళ్ళి చిలకపచ్చది కొన్నాను. (పక్కనే ఎర్రది కూడా ఉంది. నా ఖర్మ, పచ్చదే నచ్చింది.)

తెర లాగేది కేబిన్ తాత. సర్వీసంతా సిగ్నల్ కేబిన్‌లో చేసి రిటైరయినవాడు. చెవి కాస్త మందం కనక ఆయనతో మాటల్లేవు, జెండాలే. ఎదుటి వింగులోంచి మాస్టారు ఎర్రజెండా చూపితే తెర కదలదు, పచ్చజెండా చూపితే దించుతాడు. ఈ పద్ధతి మూడేళ్ళు పక్కనే నిలబడి చూసినవాణ్ణి నేను.

ఆ సాయంత్రం అన్న వెళ్ళాడు. నేను ముందుకొచ్చి, గుండెనిండా గాలి పీల్చి, రుమాలు ఊపాను. నోరు తెరిచేలోగా తెర దిగిపోయింది. ఏడుపుమొహంతో తాత దగ్గరికి పరిగెత్తితే, ఆయన తాడు ముడేస్తూ తాపీగా, "పచ్చ సూపినావు, దించినాను. సిగ్నల్ కాదన్నది నా సర్వీసులో నేదు నాయనా" అన్నాడు. మళ్ళీ ఎత్తించమని మాస్టారిని బతిమాలాను. సెట్టింగు మారిపోతోంది, ఊరుకోమన్నారు. ఊరుకుంటే జన్మంతా వింగే. తెర అడుగునుంచి పాక్కుంటూ జనం ముందుకొచ్చాను.

అక్కడ అన్నయ్య లేడు, గుమ్మమూ లేదు. సగంమంది సింగాడాల కోసం, అదే మన సమోసాల కోసం, లేచి నిలబడ్డారు. రుమాలు జేబులో కుక్కుకుని, నా మాట ఒక్క అక్షరం మింగకుండా చెప్పాను. హాలంతా నవ్వింది. ముందు వరసలోంచి ఎవరో, "మీ అన్నయ్య ఎల్పోనాడురా, నువ్వూ దిగు" అన్నారు. నవ్వులు ఆగాక వెనకనుంచి అమ్మ గొంతు వినిపించింది.

"మావోడు సెప్పింది నాకు ఇనపడింది."

తర్వాతి నాటకంలో మాస్టారు నాకు నాలుగు డైలాగులిచ్చారు. ఆ పైన పెద్ద వేషాలే కట్టాను. ఇప్పుడు పిల్లలకి వింగూ, తెరా, ప్రాపర్టీ నేనే నేర్పుతున్నాను. పాఠానికి ముందు ప్రాపర్టీ పెట్టె వెతికి పచ్చగుడ్డ ఏదున్నా తీసేస్తాను. ఎందుకని అడుగుతారు, చెప్తే పడీ పడీ నవ్వుతారు. తెర కింద పాకిన ఆ మొండివాణ్ణి తలుచుకుంటే నాకూ నవ్వొస్తుంది. పెద్ద వేషాల మాటలన్నీ మర్చిపోయాను గానీ ఆ ఒక్కటీ పోలేదు. పిల్లలు వెళ్ళిపోయాక, అప్పుడప్పుడు ఖాళీ హాల్లో వెనక వరస వైపు తిరిగి చెబుతుంటాను.