చదువురాని మెంబరు

నాలుగో తరగతిలో మూడేండ్లు కూర్చున్నాను. ఇంకా కూర్చుంటే, నాతో కలిసి పలక పట్టినవాడే అయ్యవారై వచ్చి నా చెవి మెలిపెడతాడేమోనని భయమేసి బడి మానేశాను. బడికి అదొక ఉపకారమని అందరూ ఒప్పుకున్నారు, మా నాయన తప్ప.

చదవడం మాత్రం వచ్చేసింది. యుద్ధం రోజుల్లో చిత్తూరు బస్టాండులో “ఐరాల, ఐరాల” అని కేకలు పెట్టి బస్సుకు జనాన్ని పోగుచేయడం నా పని. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచేవి. వెనక ఉన్న పొయ్యి రాజేసి, పంకా తిప్పి తిప్పి బండికి ఊపిరి తెప్పించేసరికి గంట పట్టేది. ఆ గంటసేపూ పక్కనే ఉన్న లైబ్రరీలో కిటికీ దగ్గర కూర్చునేవాణ్ణి.

కిటికీ బయట ఒక అవ్వ ఇడ్లీలు అమ్మేది. ఐరాల పక్క మనిషి. మొగుడు పోయాక మరిది ఆమె చేనంతా తన పేర రాయించుకున్నాడు. కోర్టుకు పోవాలంటే ఎవరిని అడగాలో కూడా తెలియక, ఇడ్లీ కుండ నెత్తిన పెట్టుకుని టౌనుకు వచ్చేసింది. ఆ ఏడు ఒక వారపత్రికలో సీరియల్ వచ్చేది. అందులోనూ ఒక విధవరాలు చేని కోసం మరిదితో కోర్టులో పోరాడుతోంది. నేను బయటికి వినబడేలా చదివేవాణ్ణి. అవ్వ పిండి గరిటె చేతిలో అట్లే పట్టుకుని వినేది.

“ఆయమ్మకు చేను వచ్చినాదా?”

“వాయిదా పడినాది అవ్వా. వచ్చేవారం తీర్పంట.”

“కతల్లో కూడా కోర్టోళ్లు ఇంతేనా.”

ఆ వచ్చేవారం రాకముందే లైబ్రరీ తలుపు మీద కొత్త రూలు వెలిసింది. కాగితం కరువై పత్రికల వెల పెరిగినందున, ఇకమీదట చందా కట్టిన మెంబర్లకే ప్రవేశం. మెంబరు కావాలంటే పాత మెంబర్లు ఇద్దరు సంతకం పెట్టాలి. చందా నా జేబులో ఉంది గాని సంతకాలే దొరకలేదు. నేను కథ చదివినా ఐరాల బస్సుకు పిలిచినట్టే ఉంటుందనీ, నేను నోరు తెరిస్తే తాము చదువుతున్న పంక్తి తప్పిపోతుందనీ లోపలివాళ్లందరిదీ ఒకటే మాట. ఒక ప్లీడరుగారైతే, “నీకు సంతకం పెడితే నేను ఐరాలకు టిక్కెట్టు తీసుకోవాల్సి వస్తుందప్పా” అన్నారు. అంత మంచి మాట ముందుగా నాకే తట్టనందుకు సిగ్గేసింది.

రెండు వారాలు అవ్వ పక్కన నిలబడి, లోపల బల్ల మీదున్న పత్రిక అట్టను చూసి తృప్తిపడ్డాను. అవ్వకు తృప్తి కలగలేదు.

“తీర్పంటివి, ఇట్ల నిలబడిపోతివి. ఆయమ్మ గెలిచినాదో లేదో తెలవకుండా నాకు పిండి రుబ్బబుద్ధి కాలేదప్పా” అని, చేతులు కడుక్కుని, చందా కొంగున ముడేసుకుని లోపలికి నడిచింది. నేను కిటికీ కమ్ములు పట్టుకున్నాను.

లైబ్రరీ చూసుకునే అయ్యవారు కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. “నీకు చదువొచ్చునా అవ్వా?”

“రాదు సామీ.”

“మరి మెంబరై ఏం చేస్తావు?”

“నీకు ఇడ్లీ చేసేదొచ్చునా?”

“రాదు.”

“దినమూ నాలుగు తింటాండావే.”

లోపల నిశ్శబ్దం పాటించాలని గోడ మీద రాసి ఉంది. అయినా బల్లల దగ్గర నవ్వు ఆగలేదు. అయ్యవారు మాత్రం నవ్వకుండా, రూలు రూలే, ఇద్దరి సంతకాలు తెమ్మన్నాడు.

అచ్చు దరఖాస్తు నేనే నింపి ఇచ్చాను. మరునాడు పొద్దున ప్లీడరుగారూ ఆయన గుమాస్తా అలవాటు ప్రకారం అవ్వ ముందు ఆకులు పట్టుకుని నిలబడ్డారు. అవ్వ ఇడ్లీలు వేసింది. చట్నీ గిన్నె మూత తీయలేదు.

“చట్నీ యాడవ్వా?”

“సంతకం పెట్టు సామీ, పోస్తాను.”

ప్లీడరుగారు దరఖాస్తు వెనక ఉన్న రూళ్లన్నీ ఇడ్లీ నములుతూ చదివారు. “మెంబరుకు చదువు రావాలని యాడా రాయలేదే” అని, జడ్జి ముందు నిలబడ్డట్టు నిలబడి, కుడిచెయ్యి ఎంగిలి కాబట్టి ఎడమచేత్తో సంతకం గిలికారు. గుమాస్తా ఇంకా తొందరగా పెట్టాడు. మూత లేచింది.

అవ్వ వేలిముద్ర వేసి మెంబరైంది. పాత సంచికలు మెంబర్లు ఇంటికి తీసుకుపోవచ్చు. తీర్పు ఉన్న సంచిక తెచ్చి నా చేతిలో పెట్టింది. ఇడ్లీ కుండ పక్కన గోనెపట్టా మీద కూర్చుని, ఈసారి ఎవరి అడ్డూ లేకుండా, నా బస్టాండు గొంతంతా పెట్టి చదివాను. ఐరాల బస్సుకు ఊపిరి వచ్చింది. డ్రైవరు హారను మీద హారను కొట్టాడు. ఎక్కాల్సినవాళ్లంతా మా చుట్టూ ఉన్నారు, కండక్టరుతో సహా.

విధవరాలు గెలిచింది.

 అవ్వ గరిటె పక్కన పెట్టి, “మొత్తం చేనా? సగమా?” అంది.

“మొత్తం అవ్వా. బావితో సహా.”

కొంగుతో ముఖం తుడుచుకుని, అక్కడున్నవాళ్లకు తలా ఒక ఇడ్లీ ఊరికే పెట్టింది. హారను ఆపడానికి డ్రైవరుకు రెండు పంపింది.

నేను ఊరుకుంటానా? “అవ్వా, ఈ జిల్లా మొత్తానికి అక్షరం రాకుండా లైబ్రరీలో మెంబరైనదానివి నువ్వొకతివే” అన్నాను.

అవ్వ నా ఆకులో చట్నీ పోస్తూ తలెత్తకుండానే అంది: “అక్షరాలన్నీ వచ్చి కిటికీ బయట నిలబడినోడివీ నువ్వొకడివే కదప్పా.”